నీళ్లలో తేలే ఎలుక ఏం చెబుతోంది?

(బాగ్‌లింగంపల్లిలో ఒక ఆదివారం సాయంత్రం ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ, మైకులోకి గాలి కొడుతోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

ముందుగా ఒక మాట చెప్పేస్తాను, తర్వాత గొడవ ఉండదు. నేను మనుషులకి మందులు రాసే డాక్టర్ని కాదు. ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం చదువుకుని, ఇరవై రెండేళ్లు ఎలుకలతో, చిట్టెలుకలతో పనిచేసినదాన్ని. మా అత్తగారు చుట్టాలకి నన్ను పరిచయం చేసేటప్పుడు "మా కోడలు ఎలుకల డాక్టరు" అనేవారు. అందుకని చివర్లో ఎవరైనా చీటీ తెచ్చి "ఈ టాబ్లెట్ వాడొచ్చా అమ్మా" అంటే నా దగ్గర జవాబు ఉండదు. ఎలుక వచ్చి అడిగితే ఏమైనా చెప్పగలనేమో.

సరే. డిప్రెషన్ మందుల మీద నా మొదటి ప్రయోగం సంగతి చెబుతాను. ఒక గాజు సిలిండరు. దాన్నిండా నీళ్లు, ఎలుక తోక అడుగుకి తగలనంత లోతు. నీళ్లు చల్లగా ఉండకూడదు, వేడిగా ఉండకూడదు, దాదాపు 25 డిగ్రీలు. రెండు వందల గ్రాముల తెల్ల ఎలుక. తోక మొదట్లో పట్టుకుని, కింద చెయ్యి ఆనించి, మెల్లగా నీళ్లలోకి దించాలి. దించగానే ఏం చేస్తుంది? గోడల్ని గోళ్లతో గీకుతుంది. మునిగి అడుగు చూసి వస్తుంది. గుండ్రంగా తిరుగుతుంది, మళ్లీ గోడ ఎక్కబోతుంది. కొంతసేపటికి ఆగిపోతుంది. ముక్కు ఒక్కటే నీళ్లపైన, ఒళ్లు కాస్త ముందుకు వంగి, తోక తిన్నగా. మునిగిపోకుండా వెనక కాలు ఒకటి అప్పుడప్పుడు ఆడిస్తుంది, అంతే. ఆగినప్పుడల్లా నేను స్టాప్‌వాచ్ నొక్కాలి.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఐదు నిమిషాలు అయ్యాక ఎలుకని తీసి, తువ్వాలుతో తుడిచి, దీపం కింద వెచ్చగా పెట్టి, నోట్‌బుక్కులో రాశాను: "నిరాశ పడింది, 140 సెకన్లు." మా గైడు వచ్చి చూశారు. పెన్ను తీసి "నిరాశ పడింది" కొట్టేసి "కదలలేదు" అని రాశారు. రాసి, "ఏమ్మా, నువ్వు చూసింది నిరాశనా, కదలకపోవడాన్నా?" అన్నారు. నాకు కోపం వచ్చింది. అంతర్జాతీయ పత్రికల్లో అందరూ నిరాశ అనే రాస్తున్నారు కదా, ఈయనకేం వచ్చింది అనుకున్నాను. ఆ కొట్టివేత గురించే ఇవాళ నేను మాట్లాడబోయేది.

ఆ పరీక్ష పేరు బలవంతపు ఈత పరీక్ష. 1977లో రోజర్ పోర్సోల్ట్ అనే ఆయన ప్రచురించారు. పద్ధతి ఇది. ఎలుకని మొదటిరోజు 15 నిమిషాలు నీళ్లలో వదులుతారు. మర్నాడు సరిగ్గా అదే సమయానికి మళ్లీ 5 నిమిషాలు. ఈ రెండింటి మధ్యలో మందు మూడు డోసులు ఇస్తారు. మందు ఇవ్వని ఎలుక రెండోరోజు తొందరగా తేలిపోతుంది. ఇమిప్రమీన్ లాంటి డిప్రెషన్ మందు ఇచ్చిన ఎలుక ఇంకాసేపు ఈదుతుంది. ఇంతే పరీక్ష. చవక, సులువు, రెండు రోజుల్లో అయిపోతుంది. ప్రపంచమంతా ఇదే చేసింది. మేమూ ఇదే చేశాం. 1985లో తోక పరీక్ష వచ్చింది: చిట్టెలుకని తోకకి టేపు అంటించి ఆరు నిమిషాలు వేలాడదీసి, ఎంతసేపు కొట్టుకుంది, ఎంతసేపు ఊరికే వేలాడింది అని లెక్కపెట్టడం. అదీ ఇలాంటిదే.

ఇప్పుడు మీరు చెప్పండి. ఇక్కడ పల్లెటూళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. సొరకాయ బుర్ర నడుముకి కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నవాళ్లు? ఆ పెద్దాయన ఉన్నారు. సార్, మొదటిరోజు మీరు ఏం చేశారు? చేతులూ కాళ్లూ టపటపా కొట్టుకున్నారు కదా? నెల పోయాక? హాయిగా వెల్లకిలా తేలారు. మరి ఒడ్డున ఎవరైనా స్టాప్‌వాచ్ పట్టుకుని "అయ్యో, ఈయన నిరాశపడ్డాడు" అని రాసుకుంటే మీరు ఒప్పుకుంటారా? నవ్వుతున్నారు గానీ, ఇదే వాదన శాస్త్రవేత్తల మధ్య ఏళ్ల తరబడి నడుస్తోంది. తేలడమంటే ఆశ వదులుకోవడం కాదు, గోడ ఎక్కి లాభం లేదని నిన్ననే తెలుసుకుంది కాబట్టి ఇవాళ ఓపిక దాచుకుంటోంది అని ఒక పక్షం. నేనిప్పుడు ఆ పక్షానికే దగ్గర.

ఇంకో చిక్కు ఉంది. మనిషికి డిప్రెషన్ మందు ఇస్తే ఎన్నాళ్లకి పనిచేస్తుంది? ఇంట్లో వాడినవాళ్లు ఉంటే తెలుస్తుంది. రెండు మూడు వారాలు పడుతుంది, ఒక్కోసారి నెల. ఈ ఎలుక ఒక్కరోజులో ఈదేస్తోంది! మరి ఇది చూపిస్తున్నది అదే పనినా, వేరే పనినా? పైగా కెఫీన్, యాంఫెటమిన్ లాంటి ఉత్సాహం పుట్టించే మందు ఏది ఇచ్చినా ఎలుక ఎక్కువ కదులుతుంది. కాఫీ తాగిన ఎలుక కూడా పరీక్ష పాసైపోతుందన్నమాట. అందుకే పక్కన ఇంకో పరీక్ష పెట్టాలి: ఎలుకని ఖాళీ పెట్టెలో వదిలి, ఊరికే కూడా ఎక్కువ తిరుగుతోందా అని చూసుకోవాలి.

అలాగని ఈ పరీక్ష ఉత్త బూటకమని చెప్పను. దగ్గరగా చూస్తే అందులో కొంత సంగతి ఉంది. 1995లో ఒక బృందం ఆ ఐదు నిమిషాలని ఐదేసి సెకన్ల ముక్కలు చేసి చూసింది. సెరటోనిన్, నోరెపినెఫ్రిన్ అని మెదడు కణాల మధ్య కబురు మోసే రసాయనాలుంటాయి. సెరటోనిన్ మీద పనిచేసే ఫ్లుఆక్సెటిన్ లాంటి మందులు ఇచ్చిన ఎలుకలు అడ్డంగా ఈదుతున్నాయి. నోరెపినెఫ్రిన్ మీద పనిచేసే మందులు ఇచ్చినవి గోడ ఎక్కబోతున్నాయి. రెండూ తేలడం తగ్గించాయి, కానీ దారులు వేరు. ఒక్క స్టాప్‌వాచ్‌తో ఇది దొరకదు. లిట్మస్ కాగితం పులుపు రుచి చూడలేదు కానీ ఆమ్లం ఉందో లేదో చెబుతుంది కదా? ఇదీ అలాంటిదే. మందు ఉందని చెబుతుంది. జబ్బు ఏమిటో చెప్పదు.

ముందు మనుషులు, తర్వాత ఎలుకలు

మీలో చాలామంది ఏమనుకుంటారంటే, మందుని ముందు ఎలుకల్లో కనిపెట్టి, తర్వాత మనుషులకి ఇస్తారని. డిప్రెషన్ మందుల కథ తిరగబడింది. ఇవి మనుషుల్లోనే, అదీ పొరపాటున దొరికాయి.

1952లో న్యూయార్క్‌లోని సీవ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకి ఇప్రోనయజిడ్ అనే మందు ఇచ్చారు. ఊపిరితిత్తుల సంగతి అటుంచి, రోగులకి హుషారొచ్చింది. ఆకలేస్తోంది, నవ్వుతున్నారు. ఇదేమిటని చూస్తే, మెదడులో సెరటోనిన్, నోరెపినెఫ్రిన్ లాంటివాటిని అరగదీసే ఎంజైముని ఆ మందు ఆపుతోంది. ఇమిప్రమీన్‌ది ఇంకో కథ. స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ అనే డాక్టరు దాన్ని వేరే మానసిక జబ్బుకి వాడి చూశారు, పనిచెయ్యలేదు. దిగులుతో ఉన్నవాళ్లకి పనిచేసింది. ఇవన్నీ 1950లలోనే.

మన సర్పగంధ కథ కూడా ఇక్కడే వస్తుంది. మన వైద్యులు ఎప్పటినుంచో వాడిన వేరు అది. 1931లోనే కలకత్తా డాక్టర్లు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాన్ని రక్తపోటుకీ, పిచ్చికీ వాడి రాశారు. దాంట్లోంచి 1952లో రెసర్పిన్‌ని విడదీశారు. రెసర్పిన్ ఇచ్చిన జంతువు ఎలా ఉంటుందో తెలుసా? కళ్లు సగం మూసుకుని, ముడుచుకుని, ఒక మూల కూర్చుంటుంది. మెదడులో ఆ రసాయనాల నిల్వ ఖాళీ అయిపోతుంది. "ఇదిగో, డిప్రెషన్ అంటే ఇదే" అన్నారు. ఆ ఖాళీని నింపేదే మందు అన్నారు. కానీ 1957లో ఆర్విడ్ కార్ల్‌సన్ అలా ముడుచుకున్న కుందేళ్లకి ఎల్-డోపా ఇచ్చారు. కాసేపట్లో లేచి తిరిగాయి. ఎల్-డోపా దేనికి మందయిందో తెలుసా? పార్కిన్‌సన్స్‌కి, ఒళ్లు బిగుసుకుపోయి కదలిక కష్టమయ్యే జబ్బుకి. అంటే ఆ కుందేలుకి ఉన్నది దిగులా, కదల్లేని ఇబ్బందా? మళ్లీ మా గైడు పెన్ను గుర్తొస్తోంది నాకు.

ఇది ఎందుకు చెప్పానంటే, ముందు మందులు వచ్చాయి, తర్వాత ఆ మందులకి కొలతలు తీసి ఎలుకల పరీక్షలు కుట్టారు. ఇమిప్రమీన్ ఒంటికి కుట్టిన చొక్కా ఇమిప్రమీన్ లాంటివాళ్లకే సరిపోతుంది. కొత్తరకం మందు వస్తే? 1998లో సబ్‌స్టెన్స్-పి అనే రసాయనాన్ని అడ్డుకునే మందు జంతువుల్లో బాగా కనబడింది, మొదటి ట్రయల్లో మనుషుల్లో కూడా బాగుందన్నారు. పెద్ద ట్రయల్స్‌లో మందే లేని ఉత్త మాత్రకంటే మెరుగ్గా లేదు. అదే మందుని, అప్రెపిటెంట్ అనే పేరుతో, ఇప్పుడు మన క్యాన్సర్ ఆసుపత్రుల్లో కీమోథెరపీ వాంతులకి వాడుతున్నారు. వాంతులకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అది వేరే సంగతి.

నల్లా, మోటారు, ఫ్లోట్ బాల్

ఇక మెదడులోకి వెళ్దాం. సెరటోనిన్ గురించి అందరూ విన్నారు. వాట్సాప్‌లో "హ్యాపీ హార్మోన్" అని తిప్పుతుంటారు. అలా కాదు. మన హైదరాబాదు నీళ్ల భాషలో చెబుతాను, తొందరగా తెలుస్తుంది.

ఒక నరకణం సెరటోనిన్ వదులుతుంది, నల్లా వదిలినట్టు. అవతలి కణం అందుకుంటుంది. మిగిలింది వృథా పోకుండా మొదటి కణమే ఒక మోటారు పెట్టి వెనక్కి లాగేసుకుంటుంది. ఫ్లుఆక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్, ఇవన్నీ ఆ మోటారుని ఆపుతాయి. మోటారు ఆగితే నీళ్లు బయటే ఉండిపోతాయి. ఇది ఎప్పుడు జరుగుతుంది? మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే. మరి మనిషికి మూడు వారాలెందుకు?

మీ ఇంటిపైన ట్యాంకులో ఫ్లోట్ బాల్ ఉంటుంది కదా. నీళ్లు పెరిగితే బంతి లేచి పైపు మూసేస్తుంది. సెరటోనిన్ కణాల మీద కూడా అలాంటి బంతులున్నాయి. మోటారు ఆగి సెరటోనిన్ పెరగగానే ఆ బంతులు లేచి, "చాలు, చాలు" అని కణాన్నే నెమ్మదింపజేస్తాయి. మందు ఒక చేత్తో ఇచ్చింది, మెదడు ఇంకో చేత్తో లాక్కుంది. రెండు మూడు వారాలు రోజూ మందు పడితే ఆ బంతులు మొండిగా తయారవుతాయి, లేవవు. కణం మళ్లీ మామూలుగా పనిచేస్తుంది, సెరటోనిన్ నిలుస్తుంది. ఎలుకల మెదడులోకి సన్నటి తీగ దించి కణాల చప్పుడు విని తెలుసుకున్న సంగతి ఇది. మనిషి తలలో ఇలా వినలేం కదా.

ఇక్కడ ఒక పక్కదారి, రెండు నిమిషాలు. ఈ సెరటోనిన్ మనకీ ఎలుకలకే కాదు, చేపలకి ఉంది, ఎండ్రకాయలకి ఉంది. 2007లో స్వీడన్ పరిశోధకులు మన పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల మురుగుని శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లని పరీక్షించారు. యాంటీబయాటిక్ సిప్రోఫ్లాక్సాసిన్ సంగతి పేపర్లలో పెద్దగా వచ్చింది. అందరూ వదిలేసిన పేరు ఇంకొకటి ఆ జాబితాలో ఉంది: సిటలోప్రామ్. డిప్రెషన్ మందు. ఇక్కడ ఇరవై నిమిషాల నుంచి మనం మాట్లాడుకుంటున్నదే. మేమేమో డోసు మైక్రోగ్రాముల్లో లెక్కపెట్టి, ఎథిక్స్ కమిటీ సంతకం తీసుకుని ఎలుకకి ఇస్తాం. వాగులో చేపకి ఏ కమిటీ సంతకం పెట్టింది? సరే, వెనక్కి వద్దాం.

ఈత పరీక్ష ఒక్కరోజులో అయిపోతోందని చెప్పాను కదా. వారాల తరబడి మందు ఇస్తేనే తేడా చూపించే పరీక్షలు కూడా ఉన్నాయి. అవి నాకు ఎక్కువ నచ్చుతాయి. ఒకటి, ఆకలి పరీక్ష. చిట్టెలుకకి ఒకరోజు తిండి ఆపుతారు. తర్వాత వెలుతురుగా ఉన్న కొత్త పెట్టెలో వదులుతారు, నట్టనడుమ ఒక తిండి బిళ్ల. ఆకలేస్తోంది, కానీ నడుమకి వెళ్లాలంటే భయం. గోడ పట్టుకుని తిరుగుతుంది. రెండడుగులు వేసి వెనక్కి పరుగెడుతుంది. ఎన్ని నిమిషాలకి వెళ్లి మొదటి ముక్క కొరుకుతుందో చూడాలి. వారాలపాటు మందు తిన్న చిట్టెలుక త్వరగా వెళ్తుంది. ఒక్కరోజు తిన్నది వెళ్లదు.

ఇంకొకటి, చక్కెర నీళ్లు. రెండు సీసాలు, ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఒకదాంట్లో నూటికి ఒక వంతు చక్కెర. మామూలు ఎలుక చక్కెర సీసానే పట్టుకుంటుంది. దాన్ని వారాలపాటు పరేషాన్ చెయ్యండి. అంటే కొట్టడం కాదు. ఊక తడపడం, కేజ్‌ని వాలుగా పెట్టడం, రాత్రి లైటు వేసి ఉంచడం, కొత్త ఎలుకని పక్కన పెట్టడం. రోజుకో చిన్న చిరాకు. పెద్ద కష్టమేమీ కాదు, రోజూ ఏదో ఒకటి. మన బతుకులే కదా! కొన్ని వారాలకి ఆ ఎలుకకి రెండు సీసాలూ ఒకటే అయిపోతాయి. మనవాళ్లు అంటారే, "ఏదీ సయించడం లేదు" అని. డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది "నాకు డిప్రెషన్" అనరు, "అన్నం సయించడం లేదమ్మా" అంటారు. పాల్ విల్నర్ 1987లో ఈ పద్ధతిని పత్రికలో పెట్టారు. ఇమిప్రమీన్ లాంటి మందు కొన్ని వారాలు ఇస్తే ఎలుక మళ్లీ చక్కెర సీసా వైపు తిరుగుతుంది. అయితే ఈ పద్ధతి మొండిది. ఒక ల్యాబులో వస్తుంది, పక్క ల్యాబులో రాదు.

మూడోది గల్లీ రౌడీ పరీక్ష. పెద్ద, కోపిష్టి చిట్టెలుక కేజ్‌లోకి చిన్నదాన్ని రోజూ కొన్ని నిమిషాలు పంపుతారు. దెబ్బలు తింటుంది. తర్వాత మధ్యలో చిల్లుల అడ్డు పెడతారు. దెబ్బ తగలదు, కానీ రాత్రంతా వాసన తగులుతూనే ఉంటుంది, కనబడుతూనే ఉంటుంది. పదిరోజులు, రోజుకో కొత్త రౌడీ. ఆ తర్వాత చాలా చిట్టెలుకలు ఏ కొత్త చిట్టెలుక దగ్గరికీ పోవు. అన్నీ కాదు, దాదాపు మూడో వంతు ఏమీ జరగనట్టే ఉంటాయి. ఒకే జాతి, ఒకే తిండి, ఒకే దెబ్బలు. మరి ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న మీద ఎన్నో ల్యాబులు బతుకుతున్నాయి. కుంగినవాటికి ఫ్లుఆక్సెటిన్ ఒకరోజు ఇస్తే లాభం లేదు, నాలుగు వారాలు ఇస్తే మళ్లీ మిగతావాటి దగ్గరికి వెళ్తాయి.

వాన పడ్డ నేల

నాలుగు వారాల్లో మెదడులో ఏం మారింది? 2000లో రోనాల్డ్ డ్యూమన్ బృందం ఒకటి చూసింది: వారాలపాటు మందు తిన్న ఎలుకల హిప్పోకాంపస్‌లో కొత్త నరకణాలు ఎక్కువ పుడుతున్నాయి. జ్ఞాపకాలకి సంబంధించిన చోటది. 2003లో రెనే హెన్ బృందం ఇంకో అడుగు వేసింది. చిట్టెలుకల తలలో ఆ భాగం మీద మాత్రమే ఎక్స్‌రే పడేలా చేసి, కొత్త కణాలు పుట్టకుండా ఆపారు. తర్వాత ఫ్లుఆక్సెటిన్ ఇచ్చారు. ఆకలి పరీక్షలో మందు పనిచెయ్యలేదు! ఆ పేపరు చదివినరోజు మా ల్యాబులో అందరం టీ తాగడం మర్చిపోయాం. తర్వాత తర్వాత, కొత్త కణాలు లేకపోయినా మందు పనిచేసే సందర్భాలు బయటపడ్డాయి. మనుషుల్లో పెద్దయ్యాక కొత్త కణాలు పుడతాయా అనే దానిమీదే 2018లో రెండు బృందాలు రెండు ఎదురెదురు ఫలితాలు ప్రకటించాయి. పుడతాయని ఒకరు, దాదాపు లేవని ఒకరు. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.

నాకు అంతకంటే ముఖ్యమనిపించేది వేరే ఉంది. ఇవాళ మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఇది పెట్టుకోండి. 2011లో ఫిన్‌లాండ్‌లో ఈరో కాస్ట్రెన్ బృందం చేసిన ప్రయోగం. చిట్టెలుకలకి ఒక శబ్దం వినిపించి, కాళ్లకి చిన్న షాక్ ఇచ్చారు. కొన్నిసార్లయ్యాక శబ్దం వింటే చాలు, బిగుసుకుపోతాయి. తర్వాత షాక్ లేకుండా శబ్దం మాత్రమే పదే పదే వినిపించారు, "ఇక భయం లేదు" అని నేర్పడానికి. ఇలా నేర్పిన చిట్టెలుకలకి భయం తగ్గింది, కానీ కొన్నాళ్లకి మళ్లీ వచ్చింది. కొన్నిటికి మందు మాత్రమే ఇచ్చారు, నేర్పలేదు. భయం అలాగే ఉంది. కొన్నిటికి మందూ ఇచ్చారు, నేర్పారు కూడా. వీటికి భయం తిరిగి రాలేదు. మందు ఒక్కటే పనిచెయ్యలేదు, పాఠం ఒక్కటే నిలవలేదు. రెండూ కలిస్తేనే.

దీన్ని చెప్పడానికి మన రైతుల దగ్గర మంచి మాట ఉంది. పదును. నల్లరేగడి నేల ఎండితే గుణపం దిగదు. వాన పడితే పదునుకొస్తుంది, నాగలి దిగుతుంది. కానీ వాన విత్తనం వెయ్యదు కదా? మందు ఇచ్చేది పదును అని నాకు అర్థమైంది. కణాల మధ్య అతుకుల్ని, సైనాప్స్‌లు అంటామే, వాటిని మళ్లీ మార్చుకునే వీలిస్తుంది. 2021లో అదే బృందం, ఈ మందులు కణం మీద టీఆర్‌కేబీ అనే గ్రాహకానికి నేరుగా అతుక్కుంటాయని చూపించింది. బీడీఎన్‌ఎఫ్ అనే ఎరువుని అందుకునే గ్రాహకం అది. అంటే సెరటోనిన్ మోటారు ఒక్కటే దారి కాకపోవచ్చు.

మరి పదునెక్కిన నేలలో కలుపు పడితే? ఇది కూడా చూశారు. ఇటలీ పరిశోధకులు చిట్టెలుకలకి ఫ్లుఆక్సెటిన్ ఇస్తూ, సగాన్ని బొమ్మలు, సొరంగాలు, తోటి చిట్టెలుకలు ఉన్న మంచి కేజ్‌లో ఉంచారు, సగాన్ని ఒత్తిడి పెట్టే చోట ఉంచారు. మంచి చోటున్నవి బాగుపడ్డాయి. చెడ్డచోటున్నవి ఇంకా దిగజారాయి. అదే మందు! అయితే చిట్టెలుకకి చెల్లిందల్లా మనిషికి చెల్లుతుందని చెప్పను. చిన్నప్పుడే ఒక కన్ను మందగించిన పెద్ద ఎలుకలకి ఫ్లుఆక్సెటిన్‌తో చూపు తిరిగి తెచ్చారు 2008లో. ఎంత సంబరపడ్డామో. మనుషుల్లో అదే ప్రయత్నిస్తే ఆ సంబరం నిలవలేదు.

కెటమిన్ గురించి క్లుప్తంగా. ఆపరేషన్ థియేటర్లో మత్తుమందుగా ఎప్పటినుంచో ఉంది. 2000లో ఒక చిన్న ట్రయల్లో, తక్కువ డోసుతో డిప్రెషన్ కొన్ని గంటల్లో తగ్గుతోందని చూశారు. 2010లో ఎలుకల మెదడు ముందుభాగంలో ఒక్కరోజులోనే కొత్త సైనాప్స్‌లు మొలవడం చూశారు. వారాల పని ఒక్కరోజులో! దీనికి తోక కూడా ఉంది. 2022లో మేరీల్యాండ్‌లో ఒక బృందం గమనించింది: మగవాళ్లు ఇంజక్షన్ చేస్తేనే చిట్టెలుకల్లో కెటమిన్ పనిచేస్తోంది, ఆడవాళ్లు చేస్తే చెయ్యడం లేదు. మగవాళ్లు తొడిగిన టీషర్టు దగ్గర పెట్టినా తేడా వస్తోంది. మగవాసనకి చిట్టెలుకలో ఒత్తిడి పెరుగుతోంది, ఆ ఒత్తిడి రసాయనమే మందుకి తోడవుతోంది. ఇది చదివి నేను తల పట్టుకున్నాను. మా ల్యాబులో సోమవారం నుంచి గురువారం దాకా ఇంజక్షన్లు నేను చేసేదాన్ని. శుక్రవారం మా అటెండరు.

అలాంటివి చాలా ఉన్నాయి. పక్కవీధిలో బోరు వేసిన రోజు లెక్కలన్నీ తప్పాయి. దీపావళి వారం మేము ప్రయోగం పెట్టుకునేవాళ్లం కాదు. ఎలుక రాత్రి తిరిగే జీవి, మనం పొద్దున్న పదింటికి ఆఫీసు టైములో నీళ్లలో వేస్తాం. మిమ్మల్ని అర్ధరాత్రి లేపి హుస్సేన్‌సాగర్‌లో దించి "ఎందుకు హుషారుగా లేవు" అని అడిగినట్టు. ఇంకా ముఖ్యమైనది: డిప్రెషన్ ఆడవాళ్లలో దాదాపు రెట్టింపు. మేము వాడినవి ఎక్కువగా మగ ఎలుకలు. ఎందుకని అడిగితే "ఆడవాటికి హార్మోన్లు మారుతుంటాయి, లెక్క చెడుతుంది" అనేవాళ్లం. నేనూ అన్నాను, ఆడదాన్నయ్యుండి.

ఇక చాలిస్తాను, ప్రశ్నలు అడగండి.

ఆ, అమ్మాయి అడుగుతోంది, సెరటోనిన్ తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనే సిద్ధాంతం తప్పని తేలింది కదా, మరి మాత్రలు దండగేనా అని. 2022లో ఒక సమీక్ష వచ్చింది, డిప్రెషన్ ఉన్నవాళ్లలో సెరటోనిన్ తక్కువని సరైన ఆధారం లేదని. తలనొప్పికి పారాసిటమాల్ వేసుకుంటాం, అంటే తలలో పారాసిటమాల్ తక్కువైందనా? మందు పనిచెయ్యడం వేరు, జబ్బుకి కారణం వేరు. 2018లో 522 ట్రయల్స్ కలిపి చూసిన ఒక లెక్కలో 21 మందులూ ఉత్త మాత్రకంటే మెరుగనే వచ్చింది. తేడా మాత్రం సగటున మధ్యస్తం, మహత్తేమీ కాదు. ఇంకో మాట. ఈ ప్రసంగం విని ఎవరూ ఇంటికెళ్లి మాత్ర ఆపెయ్యకండి. ఒక్కసారి ఆపితే తలతిప్పు, నిద్రలేమి, చిరాకు వస్తాయి. డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించుకోవాలి.

ఆ పెద్దాయన, ఎలుకలకి ఇంత హింస అవసరమా అంటున్నారు. సార్, మన దగ్గర 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద కమిటీ ఉంది, ప్రతి ప్రయోగానికి అనుమతి కావాలి, ఎన్ని ఎలుకలు, ఎందుకు అని రాసివ్వాలి. ఈత పరీక్షని ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రం 2024లో నిషేధించింది, చాలా మందుల కంపెనీలు మానేశాయి. నన్ను అడిగితే, ఈత పరీక్ష లేకుండా బతకగలం. మిగతా అన్నిటి గురించి అంత ధైర్యంగా చెప్పలేను.

చివరి ప్రశ్న, ముందు వరసలో ఈ బాబుది. ఏ క్లాసు నాన్నా? ఏడో తరగతి. పరీక్ష అయ్యాక ఎలుక ఏమవుతుంది అంటున్నాడు. తుడిచి, వెచ్చబెట్టి కేజ్‌లో పెడతామని ఇందాక చెప్పాను. అది ఆ రోజుకి. కొత్త కణాలు పుట్టాయని చెప్పాను చూడు, వాటిని లెక్కపెట్టాలంటే మెదడుని సన్నటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద చూడాలి. బతికున్న ఎలుకలో లెక్కపెట్టలేం నాన్నా. మత్తిచ్చి, నొప్పి తెలియకుండా చేస్తాం. నేను చేసినవాటి లెక్క నా నోట్‌బుక్కుల్లో ఉంది, ఒక్కోదానికి ఒక్కో నంబరు. పేర్లు పెట్టొద్దని మా గైడు చెప్పేవారు. ఒకదానికి పెట్టాను.